హాట్ రాడ్ రోడ్‌స్టర్: ఒక సంవత్సరానికి కట్టుబడిన బండి

మా నాయన బళ్ళారిలో లారీల షెడ్డులో మెకానిక్. యుద్ధకాలంలో ఒక మిలటరీ వర్క్‌షాపులో పని నేర్చుకున్నారు. నేను మాత్రం కామర్స్ చదివి, బ్యాంకులో ముప్పై ఏడేళ్ళు గుమాస్తాగా పని చేసి 2019లో రిటైరయ్యాను. ఇంజన్ల గురించి వ్యాసం రాయడానికి నీకేం అర్హత అని మీరడిగితే, చిన్నప్పుడు షెడ్డులో కూర్చుని పానాలు అందించడం తప్ప వేరే అర్హత లేదు.

2020 జనవరిలో కాలిఫోర్నియాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఒకరోజు మా అల్లుడు, "మామయ్యగారూ, దగ్గర్లో పాత కార్ల ప్రదర్శన జరుగుతోంది, చూసొద్దాం రండి" అని పొమోనా అనే ఊరికి తీసుకెళ్ళాడు. అది 1950లో ఓక్‌లాండ్‌లో మొదలై, 2004 నుంచి పొమోనాలో జరుగుతున్న రోడ్‌స్టర్ల ప్రదర్శన. హాలు బయట ఎవరో మడ్‌గార్డులు లేని ఒక నల్లటి చిన్న కారును స్టార్టు చేశారు. ఆ చప్పుడు వినగానే నా కాళ్ళు ఆగిపోయాయి. దగ్గరికి వెళ్ళి బానెట్ లేని ఇంజన్‌కేసి చూశాను. అనుమానం లేదు. మా నాయన "ఫోర్డు వీ-ఎయిట్టు" అనే ఇంజన్ అదే.

యుద్ధంలో కెనడాలో తయారైన ఫోర్డు మిలటరీ లారీలు మన దేశానికి చాలా వచ్చాయి. యుద్ధం ముగిశాక వాటిని డిస్పోజల్ సరుకుగా అమ్మేశారు. అవే ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఊళ్ళ మధ్య ధాన్యం, రాళ్ళు, ఖనిజం మోశాయి. నా చిన్నతనంలో, అంటే 1960ల చివర్లో, మా షెడ్డుకు రెండు మూడు అలాంటి బళ్ళు ఇంకా వచ్చేవి. మసితో, గ్రీజుతో నల్లబడి, రేడియేటర్ మీద గోనెపట్ట కప్పుకుని వచ్చేవి. అదే ఇంజన్ పొమోనాలో పెళ్ళికొడుకులా మెరుస్తూ కనబడింది. ఇది ఇక్కడికెలా వచ్చింది, ఇంత మర్యాద దీనికెందుకు అన్న కుతూహలంతో నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందుగా రోడ్‌స్టర్ అంటే ఏమిటో చెబుతాను. ఇద్దరు కూర్చునే తెరిచిన కారు. పైన మడతపెట్టే గుడ్డ టాపు ఉంటుంది. తలుపులకు పైకీ కిందికీ దించే అద్దాలుండవు. వాన వస్తే పక్కలకు తెరలు తగిలించుకోవాలి. హాట్ రాడ్ అంటే పాత మామూలు కారును తీసుకుని, అనవసరమైన బరువంతా తీసేసి, ఇంజన్‌కు మెరుగులు దిద్ది వేగంగా పరుగెత్తేటట్లు చేసుకున్న బండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికి పాత కారును తిరిగి తీసుకురావడం వేరు, ఇది వేరు. మొదటిదాంట్లో కంపెనీ ఏం చేసిందన్నది ప్రమాణం. రెండోదాంట్లో ఆ కాలపు కుర్రవాడు ఏం చేసి ఉండేవాడన్నది ప్రమాణం.

ఈ కథకు మూలం 1932. ఆ ఏడాది మార్చిలో హెన్రీ ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల కారును సామాన్యుడికి అందే ధరలో బయటికి తెచ్చింది. అంతకు ముందు వీ-8 ఇంజన్లు లేకపోలేదు, కానీ అవి ధనవంతుల కార్లలో ఉండేవి. ఫోర్డు ఇంజనీర్లు రెండు వరుసల సిలిండర్లనూ కలిపి ఒకే ముక్కగా పోత పోసే పద్ధతి సాధించారు. ధర తగ్గడానికి కారణం అదే. 221 క్యూబిక్ అంగుళాల ఇంజన్, 65 హార్స్‌పవర్. ఈనాటి చిన్న కారు కూడా అంతకంటే ఎక్కువ ఇస్తుంది గానీ, ఆ రోజుల్లో ఆ ధరకు అది విడ్డూరమే. 1932లోని చివరి అంకె రెండు గనుక ఆ మోడల్‌ను అక్కడివాళ్ళు ముద్దుగా "డ్యూస్" అంటారు. పేకలో రెండు అన్నమాట.

ఇప్పుడు కామర్సువాడిగా ఒక మాట. 1940 నాటికి 1932 రోడ్‌స్టర్ ఎనిమిదేళ్ళ పాత బండి. పిల్లలున్న సంసారికి అది పనికిరాదు. చలికి, వానకు ఆగదు. అందరూ మూసి ఉన్న కార్లు కొంటున్నారు. కాబట్టి రోడ్‌స్టర్ పాత కార్ల అంగళ్ళలో చవగ్గా పడి ఉండేది. కానీ టాపు లేదు, అద్దాలు లేవు గనుక బరువు తక్కువ. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడి జేబుకు ఏది అందుతుందో అదే పరుగు పందేనికీ తగిన బండి అయింది. బ్యాంకులో మేము తరుగుదల రాస్తూ రాస్తూ పాత బల్లనూ కుర్చీనీ పుస్తకాల్లో ఒక్క రూపాయి విలువకు దించి ఉంచేవాళ్ళం. ఆ ఒక్క రూపాయి బల్ల మీదే రోజూ లక్షల లెక్కలు జరిగేవి. ఈ బండి సంగతీ అలాంటిదే.

లాస్ ఏంజెలెస్‌కు సుమారు వంద మైళ్ళ దూరంలో మొహావీ ఎడారి ఉంది. అందులో ఎండిపోయిన చెరువులున్నాయి. మట్టి గట్టిపడి, మైళ్ళ తరబడి చదునుగా బల్లపరుపుగా ఉంటుంది. మ్యూరాక్, రోజమండ్, ఎల్ మిరాజ్ అని వాటి పేర్లు. కుర్రవాళ్ళు ఆదివారాలు అక్కడికి వెళ్ళి, మడ్‌గార్డులు, ముందద్దం, దీపాలు ఊడదీసి, ఒక్కొక్కరే బండిని పరుగెత్తించి వేగం కొలుచుకునేవారు. సాయంత్రం మళ్ళీ అన్నీ బిగించుకుని ఇంటికి. ఒక పద్ధతి ఉండాలని 1937లో అక్కడి క్లబ్బులన్నీ కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. విక్ ఎడెల్‌బ్రాక్ అనే మెకానిక్ తన 1932 రోడ్‌స్టర్‌ను 1941లో గంటకు 120 మైళ్ళు దాటించాడు. వారంలో మిగతా రోజులు అదే బండి అతని సొంత కారు. యుద్ధం వచ్చాక మ్యూరాక్ పూర్తిగా సైన్యం చేతికి పోయింది. నేటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం అదే. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన కుర్రవాళ్ళు ఎల్ మిరాజ్‌కు మారారు. విమానాల మీద పనిచేసి వచ్చినవాళ్ళు గదా, చేతిలో పనితనం పెరిగింది. అమెరికాలోనూ మన డిస్పోజల్ సరుకులాగే యుద్ధపు మిగులు సామాను చవగ్గా దొరికింది. విమానం సీట్లు కార్లలోకి వచ్చాయి. 1948 జనవరిలో హాట్ రాడ్ అనే పత్రికే మొదలైంది.

ఇక ఇంజన్ గురించి. దీన్ని ఫ్లాట్‌హెడ్ అంటారు. ఈనాటి ఇంజన్లలో వాల్వులు పైన, హెడ్డులో ఉంటాయి. ఇందులో వాల్వులు కింద, సిలిండర్ల పక్కన బ్లాకులోనే ఉంటాయి. హెడ్డు అంటే పైన చదునైన మూత మాత్రమే, చట్టి మీద మూత లాంటిది. తయారీకి సులువు. కానీ ఒక చిక్కు ఉంది. రెండు వరుసల సిలిండర్లు వీ ఆకారంలో నిలబడితే, వాల్వులు ఆ వీ లోపలి వైపున ఉంటాయి. కాలిన పొగ బయటికి పోయే గొట్టాలు వీ బయటి వైపున ఉంటాయి. అంటే నిప్పులాంటి పొగ సిలిండర్ల మధ్య సందులోంచి, చల్లబరిచే నీళ్ళ పక్కనుంచే దూరిపోవాలి. పైగా మధ్యలో ఉన్న రెండు సిలిండర్లకు కలిపి ఒకే దారి. ఆ వేడంతా నీళ్ళకు ఎక్కుతుంది. ఎక్కడ ఎత్తు వచ్చినా ఫోర్డు వీ-8 కాగిపోతుందన్న చెడ్డపేరు అందుకే వచ్చింది. మా నాయన ఇవేవీ బొమ్మ గీసి చెప్పలేదు. "దీనికి కడుపులోనే పొయ్యి ఉందిరా" అనేవారు. థర్మోస్టాటు పీకేసి, రేడియేటర్‌ను శుభ్రంగా కడిగి, రెండు నీళ్ళ పంపుల్లో ఏది బలహీనపడిందో చెయ్యి పెట్టి చెప్పేవారు. ఆ మాటకు అర్థం నాకు పొమోనాలో, అరవై ఏళ్ళ వయసులో తెలిసింది.

ఆ నల్ల కారు యజమాని ఎనభై దాటిన పెద్దాయన. మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను చూస్తున్న తీరు గమనించి పిలిచాడు. నేను మర్యాదకు, "మీ కారు 1932దే కదా" అన్నాను. ఆయన నవ్వి, "బాడీ 1932. కారు 1949" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మా అల్లుడికీ అర్థం కాలేదు.

ఆయన చెప్పింది ఇదీ. సంప్రదాయ పద్ధతిలో హాట్ రాడ్ కట్టేవాడు ముందుగా ఒక సంవత్సరం ఎంచుకోవాలి. ఆయన ఎంచుకున్నది 1949. ఆ ఏడాది డిసెంబరు 31 తర్వాత పుట్టిన వస్తువు ఏదీ ఆ బండి మీద ఉండకూడదు. అంతకు ముందువి ఏవైనా ఉండవచ్చు, కానీ 1949లో ఒక కుర్రవాడికి నిజంగా దొరికేవై ఉండాలి. నాకు వెంటనే బ్యాంకు కౌంటరు గుర్తొచ్చింది. ముందు తేదీ వేసిన చెక్కు ఎంత పెద్దమనిషి సంతకం చేసినా ఆ రోజు పాస్ కాదు. 1949 బండిలో 1955 వస్తువు అలాంటి చెక్కు.

ఆ లెక్కన ఆ బండిలోని ఒక్కొక్క వస్తువుకూ ఒక తేదీ, ఒక కారణం ఉన్నాయి. ఫోర్డు కార్లకు 1938 వరకు ఇనుప రాడ్లతో లాగే బ్రేకులుండేవి. 1939లో ఆయిల్ బ్రేకులు వచ్చాయి. కాబట్టి యుద్ధం తర్వాతి కుర్రవాడు గుజరీ అంగడికి వెళ్ళి, గుద్దుకుని పడి ఉన్న 1940 ఫోర్డు నుంచి ఆ బ్రేకులు తెచ్చి 1932 బండికి తగిలించేవాడు. గేరు బాక్సు 1939ది, ఎందుకంటే కింద నేల నుంచి గేరు రాడ్డు వచ్చే చివరి ఫోర్డు కారు అదే. మరుసటి ఏడాది నుంచి రాడ్డు స్టీరింగు పక్కకు పోయింది. స్టీరింగు చక్రం 1940 ఫోర్డుది. వెనక ఎర్ర దీపాలు నీటిచుక్క ఆకారంలో, 1939వి. ఇంజన్ బ్లాకు 1932ది కాదు. అప్పట్లో పెద్ద ఇంజన్ కావాలంటే 1939 నుంచి వచ్చిన మెర్క్యురీ కారు దగ్గర 239 క్యూబిక్ అంగుళాలది దొరికేది. దాని మీద ఫోర్డు ఇనుప మూతలు తీసేసి, చారలు చారలుగా ఉన్న అల్యూమినియం మూతలు. కార్బురేటర్లు ఒకటికి బదులు రెండు, స్ట్రోమ్‌బర్గ్ 97 రకం. గొంతు వెడల్పు 0.97 అంగుళం గనుక ఆ పేరు. 1936 నుంచి 1938 వరకు ఫోర్డు కార్ల మీద వచ్చేవి, కాబట్టి గుజరీలో కుప్పలుగా ఉండేవి. వెనక ఇరుసు మాత్రం టెడ్ హాలిబ్రాండ్ అనే ఆయన తయారుచేసిన రేసు సామాను. వెనక మూత విప్పి రెండు పళ్ళచక్రాలు మారిస్తే శనివారం ఊళ్ళో తిరిగే బండి ఆదివారం పందెం బండి అవుతుంది.

కరెంటు ఆరు వోల్టులే. ఛార్జింగుకు డైనమో. ఆల్టర్నేటర్ అమెరికా కార్లలోకి వచ్చింది 1960 ప్రాంతంలో గనుక దానికి ప్రవేశం లేదు. వైర్ల మీద ప్లాస్టిక్ లేదు, గుడ్డ అల్లిక ఉంది. టైర్లు రేడియల్ కావు, పాతకాలపు అడ్డదారాలవి. నాకు బాగా నచ్చిన సంగతి మరొకటి. 1955లో షెవర్లే కంపెనీ తేలికైన కొత్త వీ-8 తెచ్చింది. కుర్రవాళ్ళంతా ఫ్లాట్‌హెడ్‌ను వదిలి దానివైపు పోయారు. అన్ని విధాలా మెరుగైన ఇంజన్, చవక కూడా. అయినా ఈ బండిలో అది తప్పు. అదే ఎవరైనా 1957 ఎంచుకుని కడితే అందులో అదే ఒప్పు. మంచిదా కాదా అన్నది ప్రశ్న కాదు, ఆ తేదీకి ఉందా లేదా అన్నదే ప్రశ్న.

నేను ఉండబట్టలేక, "నాలుగు కార్బురేటర్లు పెట్టుకోవచ్చుగా, అప్పటికి ఉన్నాయిగా" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంటింటికీ పేపర్లు వేసి డబ్బు కూడబెట్టిన కుర్రవాడు రెంటినే కొనగలడట. తేదీ కుదిరినంత మాత్రాన చాలదు, ఆ మనిషి తాహతు కూడా కుదరాలట. ఒకసారి బండి మొత్తం పూర్తయ్యాక, బోర్డు మీద ఆయిల్ మీటరు ముఖం 1950ల నాటిదని ఒక మిత్రుడు చెప్పాడట. తీసేసి, సరైనది దొరికేదాకా రెండేళ్ళు ఆ రంధ్రానికి రేకుముక్క అడ్డం పెట్టి నడిపాడట. ఎవరూ కనిపెట్టరుగా అంటే, "నాకు తెలుసుగా" అన్నాడు. నలభై పైసలు తేడా వస్తే రాత్రి తొమ్మిదింటి దాకా లెడ్జర్ల ముందు కూర్చున్న రోజులు నావి. ఆయన మాట నాకు తేలిగ్గానే అర్థమైంది.

డబ్బు సంగతి వచ్చింది గనుక నిజం బండి, నకలు బండి తేడా చెప్పాలి. 1940లలో కట్టి, అప్పటినుంచి చేతులు మారుతూ వచ్చిన రోడ్‌స్టర్లు కొన్ని మిగిలాయి. వాటి విలువ వేరు. డోన్ స్పెన్సర్ అనే ఆయన 1940లలో కట్టిన 1932 రోడ్‌స్టర్‌ను బ్రూస్ మేయర్ అనే సేకర్త బాగు చేయించి 1997లో పెబుల్ బీచ్ ప్రదర్శనకు తీసుకెళ్ళాడు. కోటీశ్వరుల పాత కార్లు పోటీపడే ఆ మైదానంలో హాట్ రాడ్లకంటూ మొదటిసారి ఒక తరగతి పెట్టింది ఆ ఏడాదే. ఆ తరగతిలో మొదటి బహుమతి ఆ బండికే. గుజరీ సామాను అక్కడిదాకా నడిచి వెళ్ళింది.

రెండో రకం, పొమోనా పెద్దాయన బండిలాంటిది. ఇప్పుడు కట్టినదే, కానీ వస్తువులు ఆనాటివి. మూడో రకంలో వస్తువులు కూడా కొత్తవే, పాత నమూనాలో చేసినవి. ఒహాయో రాష్ట్రంలో బ్రూక్‌విల్ కంపెనీ 1932 రోడ్‌స్టర్ ఉక్కు బాడీని కొత్తగా అచ్చు గుద్ది అమ్ముతోంది. స్ట్రోమ్‌బర్గ్ 97 కార్బురేటరును కూడా ఇప్పుడు మళ్ళీ కొత్తగా తయారుచేస్తున్నారు. పాత అచ్చుల టైర్లూ దొరుకుతాయి. ఇందులో తప్పేమీ లేదు. నన్నడిగితే, మిగిలిన అసలు బాడీలను కోసి పాడుచేయడం కంటే కొత్త రేకుతో కట్టుకోవడమే మంచిది. తప్పు ఎక్కడంటే, కొత్తదాన్ని పాతదని చెప్పి అమ్మడంలో. 1932 ఫోర్డు వీ-8కి నంబరు ఛాసిస్ మీద, బాడీ కప్పే చోట గుద్ది ఉంటుంది. 18తో మొదలవుతుంది. ఆ నంబరూ కాగితాల్లోని నంబరూ ఒకటి కావాలి. అది కూడా కొత్తగా గుద్దేవాళ్ళున్నారు. కాబట్టి కొనేవాళ్ళు పాత ఫొటోలు, పందేల రికార్డులు, చేతులు మారిన రసీదులు వరుసగా అడుగుతారు. మన ఇళ్ళ స్థలాలకు లింకు దస్తావేజులు అడిగినట్టే.

ఈ బండ్లలో ప్రమాదమూ ఉంది, అది దాచకూడదు. పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆవరణలో ఒక చుట్టు తిప్పాడు. తలుపు నా మోచేతి కిందికే ఉంది. నేల మీద చిన్న గీత ఉన్నా టైరు దానివైపు లాగుతుంది. బ్రేకు నొక్కితే బండి ఆలోచించి ఆగుతుంది. ఆ రోజుల్లో ఊరి వీధుల్లో పందేలు కట్టి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రవాళ్ళున్నారు. వాళ్ళను వీధుల్లోంచి హద్దులున్న ట్రాకుల్లోకి తేవడానికే వాలీ పార్క్స్ 1951లో ఒక జాతీయ సంస్థ పెట్టాడు. మన దగ్గర బైకు సైలెన్సర్ మార్చే పిల్లలు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2021లో వచ్చిన పాత వాహనాల నియమాలు కూడా యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న బళ్ళకే వింటేజి రిజిస్ట్రేషన్ ఇస్తాయి. ఛాసిస్, ఇంజన్ మార్చిన బండికి ఆ దారి లేదు.

బయల్దేరే ముందు పెద్దాయనకు మా నాయన సంగతి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇండియాలో ఈ ఇంజన్ బాగుచేసిన మనిషి కొడుకునని చెప్పి పక్క బండ్లవాళ్ళను పిలిచాడు. అందరూ నన్నే ప్రశ్నలడిగారు. మీ నాన్న వాల్వుల సందు ఎలా సరిచేసేవాడు? ఆ ఒక్కదానికి జవాబు తెలుసు నాకు. ఫోర్డు ఇంజన్‌లో దానికి సర్దుబాటు మర ఉండదు. వాల్వు కాడ చివరను కొంచెం కొంచెం సానపట్టి, మళ్ళీ పెట్టి చూసి, మళ్ళీ తీసి సానపట్టాలి. పదహారు వాల్వులు. ఎక్కువ పోయిందా, ఆ వాల్వు పారేయాల్సిందే. మా నాయన పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేవారు. నేను పక్కన కూర్చుని ఫీలర్ గేజి రేకులు అందించేవాణ్ణి. "పది థౌ... పన్నెండు థౌ" అని అడిగేవారు. ఇది చెప్పగానే వాళ్ళంతా తలలూపి నవ్వారు. తర్వాత పెద్దాయన అడిగాడు, "ఆయన సామాను ఏమైంది?"

మా నాయన 1986లో పోయారు. షెడ్డు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇంట్లో రెండు పెట్టెల నిండా ఆయన దాచిన సామాను ఉండేది. నూనె గుడ్డల్లో చుట్టిన పళ్ళచక్రాలు, రెండు నోళ్ళ కార్బురేటర్లు మూడో నాలుగో, మార్చిన తేదీలు రాసుకున్న ఒక నోటు పుస్తకం. నేను బ్యాంకు ఉద్యోగిని, నూనె మరకల పెట్టెలు హాల్లో ఉంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారన్న ధ్యాస. 1987లో గుజరీవాణ్ణి పిలిచి తూకానికి ఇచ్చేశాను. ఇనుము ధర ఇనుముకు, ఇత్తడి ధర ఇత్తడికి. నోటు పుస్తకం ఆ పెట్టెలోనే పోయింది. పెద్దాయనకు ఇదంతా చెప్పలేక, "పోయింది" అని మాత్రం అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఇండియాకు తిరిగి వచ్చాక అటక మీద వెతికాను. ఫీలర్ గేజి దొరికింది. చిన్నప్పుడు నేను ఆడుకోవడానికి దాచుకున్నందువల్ల అది ఆ పెట్టెల్లోకి పోలేదు. పది థౌ రేకు మీద మాత్రం తుప్పు లేదు.